బ్రేకు తొక్కితే బండి వణుకుతోందా?

మొగిలి ఘాట్ దిగకముందే తేల్చుకోండి

ఆండర్సన్‌పేట: ‘అన్నా.. బ్రేకు తొక్కితే చాలు, స్టీరింగు వణుకుతా ఉంది. ప్యాడ్లు మార్చేద్దామా?’ తిరుమల ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మెకానిక్ షెడ్లలో వినిపించే మాట ఇది. బేతమంగళ, వి.కోట మీదుగా పలమనేరు దాకా ఎలాగో వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత వచ్చేది మొగిలి ఘాట్. వెనక సీట్లో పిల్లలు, పెద్దవాళ్లు. డిక్కీ నిండా సామాన్లు. ముందు లారీ. బ్రేకు మీద అనుమానం పెట్టుకుని ఆ వాలు దిగడం మంచిది కాదు.

ఈ ఊరికి బ్రేకు విలువ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పక్కనున్న చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా కార్మికులను కిందికి దించిందీ, పైకి తెచ్చిందీ వైండింగ్ ఇంజిన్లే. వాటి తాడు, బ్రేకు మీదే అందరి ప్రాణాలూ ఆధారపడేవి. కారుకైనా అదే సూత్రం. అనుమానం వస్తే ముందు పరీక్ష, ఆ తర్వాతే ప్రయాణం.

వణుకు ఎక్కడిది?

జేబులో చేయి పెట్టేముందు వణుకు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి.

* బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు అటూ ఇటూ అదిరితే ముందు చక్రాల డిస్కులను అనుమానించాలి.

* స్టీరింగు కుదురుగా ఉండి సీటు, ఫ్లోరు అదిరితే లోపం వెనక చక్రాల్లో ఉన్నట్లు. చిన్న కార్లలో చాలావాటికి వెనక ఉండేవి డ్రమ్ములే. ఎవరూ లేని ఖాళీ మైదానంలో 20-30 కి.మీ. వేగంతో వెళుతూ, బటన్ నొక్కిపట్టి హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగి చూడండి. అప్పుడూ అదిరితే డ్రమ్ము గుండ్రం తప్పిందేమో చూపించాలి.

* బ్రేకు జోలికి పోకపోయినా 80 కి.మీ. దాటగానే వణికితే అది బ్రేకు జబ్బు కాదు. టైర్లు, వీల్ బ్యాలెన్సింగ్ చూపించాలి.

* గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడల్ టకటకా కొట్టుకుంటే ఏబీఎస్ తన పని తాను చేస్తోందని అర్థం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి. భయపడి కాలు తీయకూడదు.

వంగింది కాదు.. అరిగింది!

‘డిస్కు బెండయింది’ అంటారు గానీ, చాలాసార్లు జరిగేది అది కాదు. డిస్కు చుట్టూ మందం ఒకేలా ఉండాలి. ఒకచోట మందంగా, మరోచోట పలుచగా ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ ప్యాడు ఎక్కి దిగుతుంది. ఆ కుదుపే స్టీరింగుకు చేరుతుంది. మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా ఉన్నా చేతికి తెలిసిపోతుంది. తల వెంట్రుక అంతకు మూడు నాలుగింతలు మందం ఉంటుంది!

ఈ తేడా ఎందుకొస్తుంది? హబ్బు మీద తుప్పు ఉంటే డిస్కు దానికి సరిగ్గా ఆనదు. సన్నగా ఊగుతూ తిరుగుతుంది. బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టుకూ ఒకేచోట ప్యాడుకు రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అక్కడ అరిగిపోతుంది. వీల్ స్పానర్ మీద ఎక్కి నిలబడి నట్లు బిగించినా ఇదే ఇబ్బంది. కాలిపర్ పిన్నులు పట్టేస్తే ప్యాడు వదలక డిస్కు కాలిపోతుంది.

‘కొత్త డిస్కులు వేయించినా నాలుగు నెలలకే మళ్లీ మొదలైంది’ అని వాపోయేవారి కథ చాలావరకు ఇదే. డిస్కు మారింది గానీ తుప్పు అలాగే ఉంది. ఒట్టి ప్యాడ్లు మార్చినా అంతే. పాత డిస్కు మీద కొత్త ప్యాడు కూడా ఎక్కి దిగుతూనే ఉంటుంది.

చవకైన పని ముందు

మొదట చక్రం పైకి లేపి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపించండి. ఆడితే బేరింగో, బాల్ జాయింటో చూడాలి. లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా చూపించండి. తర్వాత కాలిపర్ పిన్నులు శుభ్రం చేయించి బ్రేకు గ్రీజు పెట్టించాలి. డిస్కు విప్పి, హబ్బు తుప్పును వైర్‌బ్రష్‌తో గీకించాలి. ఇవన్నీ తక్కువ ఖర్చు పనులే.

అప్పటికీ తగ్గకుంటే కొలత. డయల్ గేజ్ పెట్టి డిస్కును తిప్పితే ఎంత ఊగుతోందో తెలుస్తుంది. 0.1 మి.మీ. దాటితే సరిచేయాల్సిందే. మైక్రోమీటరుతో ఏడెనిమిది చోట్ల మందం కూడా కొలవాలి. డిస్కు మీద కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది. లేతు పట్టించాక అంతకంటే ఎక్కువ మిగిలితేనే లేతు షాపుకు పంపండి. లేకుంటే కొత్తవి.. అదీ రెండువైపులా, ప్యాడ్లతో సహా. డ్రమ్ము లోపలి వ్యాసానికీ ఇలాగే గరిష్ఠ పరిమితి ఉంటుంది. నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించమని అడగండి.

ఘాట్‌లో గేరే తోడు

తిరుమల నుంచి దిగే వాహనాలు 1944లో తెరిచిన పాత ఘాట్‌లో వస్తాయి. మలుపు మలుపుకూ బ్రేకుతో పని పడుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కిందికి దిగగానే కాలిన చక్రాల మీద నీళ్లు కుమ్మరించకండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడితే త్వరగా మరుగుతుంది. అప్పుడు పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్పించడం మేలు.

వణుకుతోపాటు పెడల్ లోపలికి దిగిపోయినా, బండి ఒకపక్కకు లాగినా, ఇనుము రాసుకున్న చప్పుడు వచ్చినా ప్రయాణం ఆపేయండి. స్వామి దర్శనం ఇంకోరోజైనా దొరుకుతుంది.