ఉస్మానియా అంటే ఉద్యమం ఒక్కటే కాదు

ఉస్మానియా అనంగనే మనకు ముందుగాల యాదికొచ్చేది ఆర్ట్స్ కాలేజీ. 1969, తెలంగాణ ఉద్యమం, లాఠీలు, టియర్ గ్యాస్. తప్పేం లేదు, అది మన చరిత్ర. గని అదే వర్సిటీల వందేండ్ల సంది ఇంకో పని కూడ నడుస్తున్నది. ఆకాశంల చుక్కలు లెక్కవెట్టిండ్రు, పుట్టే పిల్లల రోగాల మూలం వెతికిండ్రు, వరికి దోమపోటు తగలకుండ చూసిండ్రు, బోరు ఎక్కడ పడ్తదో చెప్పే చదువు చెప్పిండ్రు. ఈ ముచ్చట ఎవరు చెప్పరు. అందుకే నేను చెప్త.

చుక్కల కాడికెల్లే షురూ చేద్దాం. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే జాగీర్దారు తన సొంత పైసలతోని హైదరాబాద్‌ల నిజామియా అబ్జర్వేటరీ పెట్టిండు. ఆయన పోయినంక సర్కారు దాన్ని తీసుకున్నది, 1919లో అది ఉస్మానియా వర్సిటీ కిందికొచ్చింది. అప్పటికే ప్రపంచంల ఒక పెద్ద పని నడుస్తుండె. ఆకాశం మొత్తాన్ని ముక్కలు చేసి, ఒక్కో అబ్జర్వేటరీ ఒక్కో ముక్కను ఫొటో తీసి, ప్రతి చుక్క ఏడ ఉన్నదో కొలిచి పట్టిక రాయాలె. దక్షిణ అమెరికా దిక్కు వాళ్లు మొదలువెట్టలేక ఇడిసిపెట్టిన ముక్కను హైదరాబాద్ ఎత్తుకున్నది. అద్దం పలకల మీద ఫొటోలు తీసి, చేతులతోని కొలిచి, 7 లక్షలకు పైన చుక్కల లెక్క తేల్చిండ్రు. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. ఈ పట్టికలు ఇప్పటికీ పనికొస్తయి. ఎందుకంటే ఒక చుక్క నూరేండ్లల్ల ఎంత జరిగిందో తెలవాలంటే నూరేండ్ల కింద అది ఏడ ఉండెనో ఎవరో ఒకరు రాసి పెట్టి ఉండాలె. అట్ల రాసిపెట్టినోళ్లల్ల మనోళ్లున్నరు.

ఆ అబ్జర్వేటరీల పని చేసిన ఒక ఉద్యోగి కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీల చదివి, పై చదువుకు హార్వర్డ్ పోయి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టిన వాళ్లల్ల ఒకడైండు. కావలూరుల ఉన్న పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టిండ్రు. పెద్ద సైంటిస్టులు ఊరికే ఊడిపడరు. చుట్టుపక్కల ఒక అబ్జర్వేటరీ ఉంటే, ఆ ఇంట్ల పిలగాడు ఆకాశం దిక్కు చూస్తడు.

పట్నం దీపాలు ఎక్కువైనంక ఉస్మానియా ఊరి బయటికి పోయింది. ఇబ్రహీంపట్నం దిక్కు జాపాల్-రంగాపూర్ కాడ 1968లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టిండ్రు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిన్నాడు దేశ విదేశాల సైంటిస్టులు ఆడికే వచ్చిండ్రు. బయట జనం తలుపులు పెట్టుకొని ఇండ్లల్ల కూసుంటే, అక్కడ సూర్యుని చుట్టూ ఉండే వెలుగు వలయాన్ని కొలుస్తుండిరి. రెండు నిమిషాల చీకటి కోసం నెలల తరబడి తయారైన్రు. ఇయ్యాల పట్నం అటుదిక్కు కూడ పాకింది. దీపాల వెలుగు పెరిగితే టెలిస్కోపు గుడ్డిదైతది.

ఆకాశం ముచ్చట అయిపాయె, ఇంట్ల ముచ్చట జూద్దాం. బేగంపేటల ఉస్మానియా వర్సిటీకి జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. దానికి ఆనుకొని జన్యు రోగాల దవాఖానా. మేనరికం పెండ్లిళ్ల మీద ఆడ చానా పరిశోధన జరిగింది. విషయం ఏందంటే, మనందరి ఒంట్ల పని చెయ్యని జన్యువులు కొన్ని ఉంటయి. జతల రెండోది మంచిగుంటే ఏ రోగం రాదు, మనకు తెల్వను కూడ తెల్వదు. గని అమ్మకు, నాయినకు ఇద్దరికీ అదే చెడ్డ జన్యువు ఉంటే, పుట్టే ఒక్కో బిడ్డకు రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ, మేనకోడలు నడుమ జన్యువులల్ల నాలుగో వంతు ఒక్కటే ఉంటయి. మేనబావ, మరదలు నడుమ ఎనిమిదో వంతు. అందుకే ఆ ఇండ్లల్ల ఇసొంటి రోగాలు ఎక్కువ కనిపిస్తయి. ఈ లెక్క తెలిస్తే బిడ్డకు రోగమొచ్చిందని కోడల్ని తిట్టుడు ఆగుతది. చెడ్డ జన్యువు ఇద్దరి కాడికెల్లి వస్తేనే ఆ రోగం వస్తది, తల్లి ఒక్కదాని తప్పు కాదు.

ఇగ పొలం కాడికి రాండ్రి. వరికి సుడిదోమ వస్తే మడి నడుమ గుండ్రంగ ఎండుతది, రైతు గుండె ఆగుతది. ఉస్మానియాల మొక్కల జీవశాస్త్ర కేంద్రం సైంటిస్టులు ఎల్లిగడ్డల ఉండే ఒక జన్యువును తీసి వరిల పెట్టిండ్రు. ఆ జన్యువు లెక్టిన్ అనే ప్రోటీను తయారు చేస్తది. దోమ రసం పీల్చంగనే అది దోమ పేగుకు అతుక్కుంటది, తిన్నది ఒంటవట్టదు. సుడిదోమ, పచ్చదోమ, తెల్లవీపు దోమ మూడింటినీ ఈ వరి గట్టిగ తట్టుకున్నదని 2008లో అచ్చేసిండ్రు. ఈ వరి మన పొలాలకు రాలే. మన దేశంల జన్యుమార్పిడి వరి సాగుకు అనుమతి లేదు. ఇయ్యాలా వద్దా అన్న కొట్లాట వేరే. గని ఆ కొట్లాటల మన తరఫున లెక్క తెలిసిన మనిషి కూసోవాలంటే, ఆ లెక్క కంపెనీ గదిల ఒక్కతాన ఉంటే చాలదు, పబ్లిక్ వర్సిటీల కూడ ఉండాలె.

నీళ్ల ముచ్చట ఇంకా దగ్గరిది. మన తెలంగాణల చానామట్టుకు భూమి కింద గ్రానైటు బండ. బండల పగుళ్లు ఉన్నకాడనే నీళ్లు దొరుకుతయి. మనోళ్లు అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని నడుస్తరు. ఉస్మానియా జియోఫిజిక్స్‌ల నేర్పేది వేరే తీరు. రెండు ఇనుప చువ్వలు భూమిల దిగ్గొట్టి కరెంటు పంపుతరు, ఇంకో రెండు చువ్వల నడుమ వోల్టేజీ కొలుస్తరు. గట్టి బండల కరెంటు సరిగ పారదు, పగుళ్లల్ల నీళ్లుంటే సులువుగ పారుతది. చువ్వల దూరం పెంచుకుంటపోతే అంత లోతు సంగతి తెలుస్తది. ఇది కూడ నూటికి నూరు నిజమైతదని కాదు, గని కొబ్బరికాయ కన్న మస్తు నయం. ఒక్క బోరు ఎండిపోతే అప్పు ఎంతైతదో నేను మీకు చెప్పుడెందుకు?

అదే బండ మన నీళ్లల్ల ఫ్లోరైడ్ కూడ కలిపింది. గ్రానైటుల ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఏండ్ల తరబడి నీళ్లల్ల కరుగుతయి. నల్లగొండల వంగిన నడుములు, పచ్చవడ్డ పండ్లు ఏ శాపం కాదని, తాగే నీళ్ల రోగమని 1955లనే ఉస్మానియా డాక్టరు ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల రాసిండు. 1955! దాని మీద సర్కార్లు కదలనీకి ఎన్ని దశాబ్దాలు పట్టిందో నల్లగొండోళ్లకే ఎరుక. పరిశోధన జరగకపోవుడు ఒక నష్టం. జరిగినంక ఎవరూ చదవకపోవుడు అంతకన్న పెద్ద నష్టం.

ఇప్పుడు అసలు బాధకు వస్త. ఏండ్ల సంది ఉస్మానియాల పర్మినెంటు సార్ల పోస్టులు సగానికన్న ఎక్కువ ఖాళీగున్నయి. "పాఠాలు కాంట్రాక్టు సార్లు చెప్తున్నరు గద" అంటరు. చెప్తున్నరు, కష్టపడి చెప్తున్నరు. గని యూజీసీ రూల్స్ జూడుండ్రి. పీహెచ్‌డీ గైడుగ ఉండాలంటే రెగ్యులర్ పోస్టుల ఉన్న సారే కావాలె. ప్రొఫెసర్ ఒక్కసారికి 8 మందిని, అసోసియేట్ 6 మందిని, అసిస్టెంట్ 4 మందిని తీసుకోవచ్చు. రిటైర్మెంటుకు మూడేండ్ల లోపు ఉన్నాయన కొత్తోళ్లను తీసుకోనే రాదు. అంటే ఒక ప్రొఫెసర్ రిటైరై ఆ కుర్చీ ఖాళీగుంటే 8 మంది పిల్లల సీట్లు మాయమైతయి. పరిశోధన చేసే పిలగాడు లేకపోతే ల్యాబుకు తాళం. ఇది ఏ కుట్ర కాదు, సాదా లెక్క.

ఆ 8 మంది ఎవరు? నా అసొంటి ఊరోళ్ల పిల్లలు. ఇంట్ల మొదటి తరం చదువుకున్నోళ్లు. ప్రైవేటు వర్సిటీ ఫీజు కట్టలేరు, అమెరికా పోలేరు. పైసలున్నోళ్ల పిల్లలకు వేరే తొవ్వలున్నయి. వీళ్లకు ఉన్న తొవ్వ ఇదొక్కటే.

ఇంకో మాట. ఉస్మానియా మొదలైనప్పుడు దాని గొప్పతనమే దేశ భాషల పెద్ద చదువు చెప్పుడు. ఉర్దూల సైన్సు పుస్తకాలు తయారు చేసేతందుకు దారుల్ తర్జుమా అని ఒక తర్జుమా ఖానానే పెట్టిండ్రు. అప్పుడది ఉర్దూ, తెలుగు రైతుకు అందలే. ఇయ్యాల ఇంగ్లీషు, ఇప్పుడూ అందుతలేదు. నేనడిగేది పెద్దదేం కాదు. ఖాళీ పోస్టులు నింపుండ్రి. జాపాల్ చుట్టూ దీపాలకు హద్దు పెట్టుండ్రి. ప్రతి పీహెచ్‌డీకి రెండు పేజీల తెలుగు సారాంశం రాయించి, ఆ పని ఎవరికి పనికొస్తదో వాళ్ల ఊరి గ్రామపంచాయతీకి పంపుండ్రి. మన పన్నుల పైసలతోని జరిగిన పని మన చేతికి మన మాటల్ల రావాలె. 1955ల రాసిన ఆ నల్లగొండ వ్యాసం తెలుగుల ఊరూరికి చేరి ఉంటే ఎన్ని నడుములు వంగకుండ నిలబడుతుండెనో, ఒక్కసారి మీరే ఆలోచించుండ్రి.