పాలమూరు ఆకాశంలో వింతలు

పాలమూరు ప్రాంతంలోని కొత్తకోట వాళ్లు విమానం ఎక్కాలంటే 44వ జాతీయ రహదారి మీద ఉత్తరానికి పోతే శంషాబాద్. దక్షిణానికైతే బీచుపల్లి దగ్గర కృష్ణను, కర్నూలు దగ్గర తుంగభద్రను దాటి ఓర్వకల్లు చేరాలి. శంషాబాద్‌లో 2008 మార్చి నుంచి, ఓర్వకల్లులో 2021 మార్చి నుంచి విమానాలు తిరుగుతున్నాయి. మొదటిదాని రన్‌వే 4,260 మీటర్లు, రెండోదానిది 2,000 మీటర్లు. కొత్తకోటకు పక్కనే ఉన్న అడ్డాకుల మండలం గుడిబండ కూడా కొత్త విమానాశ్రయాల కోసం రాష్ట్రంలో పరిశీలించిన ఆరు చోట్లలో ఒకటి. అక్కడ రన్‌వే పడితే ముందు లెక్క తేలాల్సింది భూములిచ్చే రైతులది.

శంషాబాద్ రన్‌వే మీద 2016 మే 13న ఆంటొనోవ్ 225 మ్రియా అనే సరుకు విమానం దిగింది. ఆరు ఇంజన్లు, 88 మీటర్ల రెక్కలు, 640 టన్నుల టేకాఫ్ బరువు. ప్రపంచం మొత్తానికి అలాంటిది అదొక్కటే. ఆస్ట్రేలియాకు భారీ జనరేటర్‌ను మోసుకుపోతూ దారిలో ఆగింది. ఆ విమానం మన దేశంలో దిగడం అదే మొదటిసారి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైంది.

ఇంతకంటే పెద్ద వింత పాత హైదరాబాద్ రాజ్యంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్ విమానాలకు డబ్బిచ్చింది ఏడో నిజాం. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్‌లకూ హైదరాబాద్ పేరే. 152 చిహ్నంలో నిజాం తలపాగా కూడా ఉంది. వనపర్తి, గద్వాల సంస్థానాలు నిజాంకు పేష్కష్ (కప్పం) కట్టేవి. ఆ సొమ్ము ఇక్కడి రైతు చెమటలోంచి వచ్చిందే. జర్మన్ విమానాలతో తలపడిన 152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల్లో మన మెట్టపొలాల వాటా కూడా ఉందని ఏ చరిత్ర పుస్తకంలోనైనా ఒక్క వాక్యం రాయాలి కదా!

1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. ఆ కంపెనీతో ముడిపడిన ప్రేమ్ మాథుర్ పేరు వినని వాళ్లే ఎక్కువ. 1947లో ఆమె కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకున్నారు. ఎనిమిది కంపెనీలు ఉద్యోగం ఇవ్వలేదు, ఆడమనిషి నడిపితే ప్రయాణికులు ఎక్కరన్నారు. చివరికి పిలిచి ఉద్యోగమిచ్చింది హైదరాబాద్‌లోని ఈ కంపెనీయే. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ అలా ఇక్కడి నుంచి ఎగిరారు. 1949లో జాతీయ ఎయిర్ రేస్ గెలిచారు. అయినా విమానం పూర్తి బాధ్యత మాత్రం ఆమె చేతికివ్వలేదు. విసిగి మానేశారు. గెలిచిన మనిషికి జరిగిన ఈ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. తర్వాత కాలం మారింది. 2016 జూన్ 18న హైదరాబాద్ శివారులోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా బయటికొచ్చారు.

ఇక వ్యోమగామి రాజాచారి. అమెరికాలో పుట్టి పెరిగారు. తండ్రి హైదరాబాద్ నుంచి చదువు కోసం అక్కడికి వెళ్లారు. తాతగారి మూలాలు మహబూబ్‌నగర్‌లో ఉన్నాయని పత్రికలు రాశాయి. 2021 నవంబరులో నాసా క్రూ-3 కమాండర్‌గా అంతరిక్షానికి వెళ్లారు. అంతకుముందు ఒక్కసారీ అంతరిక్షం చూడని వ్యక్తికి నాసా కమాండర్ బాధ్యత ఇవ్వడం 1973 నాటి స్కైలాబ్-4 తర్వాత అదే మొదలు. సుమారు ఆరు నెలలు అక్కడున్నారు. రెండుసార్లు అంతరిక్ష కేంద్రం బయటికొచ్చి శూన్యంలో పనిచేశారు.