మారిషస్ జమాఖర్చులు

యానానికి పొరుగున ఉన్న కోరంగి రేవు పేర, మారిషస్ ద్వీపంలో తెలుగువారిని ఒకప్పుడు కోరింగీలనేవారు. చెరకు తోటల కూలికై మనవారు వెళ్లి స్థిరపడిన ఆ దేశపు జమాఖర్చులు మనకూ తెలుసుకోదగినవే.

1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ చక్కెరే ఆధారం. తరువాత దుస్తుల ఫ్యాక్టరీలు, విహారయాత్రలు, బ్యాంకులు తోడైనవి. 2020లో కరోనా వలన విమానాలు నిలిచి హోటళ్లు మూతపడినవి. 2019లో దేశపు రాబడి నూరు రూపాయలనుకుంటే, ధరల భేదం తీసివేయగా 2020లో అది సుమారు 86కు దిగింది. 2021లో 88, 2022లో 96 అయింది. అనగా 2022లో పెరుగుదల నూటికి దాదాపు 9 పాళ్లు. ఘనమైన అంకెే! అయినా పోయినదంతా అప్పటికింకా తిరిగి రాలేదు.

అదే 2022లో ధరలు నూటికి 10.8 పాళ్లు పెరిగినవి. బియ్యం, గోధుమలు, చమురు ఓడలలో రావలసిందే. ఓడ కిరాయి, డాలరు విలువ పెరిగితే గృహిణి సంచి తేలికవుతుంది.

కాబట్టి పాఠకులారా, ఏ దేశపు వృద్ధి అంకె చూచినా రెండు సంగతులు అడగండి: అంతకు ముందేడు ఎంత పడిపోయింది? బజారులో ధరలెట్లున్నవి?