పాపికొండల గోదావరి - ఒడ్డు పల్లెల పని

నాసిక్ సమీపమున త్ర్యంబకేశ్వరము చెంత పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, సముద్రమును చేరుటకు ముందు పాపికొండల నడుమ ఇరుకున దూరును. అంతవరకు విశాలమైన నది అచ్చట సన్నగిల్లి లోతెక్కును. చూడవచ్చినవారికి కొండల నీడలో నిండుగా సాగు నీరు మాత్రమే కనిపించును. సుడి ఎక్కడ తిరుగునో ఆ దరినున్న పల్లెవారికే తెలియును.

నదికి ఇరుప్రక్కలనున్న అడవి 1978లో అభయారణ్యముగాను, 2008లో జాతీయ వనముగాను ప్రకటింపబడినది. అడవిదున్న, చిరుత, కణితి మొదలగునవి ఇందు కలవు. కొండరెడ్లు తరతరములుగా ఈ కొండలలో నివసించుచున్నారు. పేరంటపల్లి రేవున వారు వెదురు వస్తువులు చేసి యాత్రికులకు విక్రయించుట పలువురు చూచినదే.

2019 సెప్టెంబరు 15వ తేదీన, నది వరద మీద ఉండగా, కచ్చులూరు వద్ద ఒక విహార పడవ మునిగిపోయెను. పదుల సంఖ్యలో ప్రయాణికులు మరణించిరి. పడవను వెలికితీయుటకు అక్టోబరు 22వ తేదీ వరకు పట్టినది. ఆనాడు బయటి సహాయము చేరకముందే కచ్చులూరు గ్రామస్థులు తమ పడవలలో వెళ్లి 20 మందికి పైగా రక్షించిరి.

పడవలకు అనుమతి ఇచ్చుట పంచాయతీ పని కాదు. అయినను రేవు మన ఊరిదే కదా! భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది వెలువడును. ఆనాటి నీటిమట్టమును రేవులో నల్లబల్లపై వ్రాయించుట పెద్ద ఖర్చు కాదు. హెచ్చరిక లేనంత మాత్రమున ఇరుకున ప్రమాదము లేదని తలచరాదు. వరద తీయుచున్నప్పుడును వడి బలముగనే యుండును. పరిమితికి మించి జనమును ఎక్కించుకొన్న పడవ కనిపించిన వెంటనే అధికారులకు తెలుపవలెను. లైఫ్ జాకెట్టును దిగువరకు విప్పరాదని యాత్రికులకు చెప్పువారు రేవున ఒకరుండవలెను.

ఇక అడవి మాట. అటవీశాఖ అనుమతి లేనిదే యాత్రికులు వనములో ప్రవేశింపరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి జాతీయ వనమున పశువులను మేపరాదు. ఒడ్డున వంటకు రాజవేసిన నిప్పును నీళ్లు పోసి పూర్తిగా ఆర్పించవలెను. వేసవిలో ఎండుటాకునకు ఒక్క రవ్వ చాలును.

వచ్చు సమావేశమున, ఊరిలో ఈత వచ్చినవారి పేర్లను, ఎవరి పడవ ఏ రేవున కట్టియుండునో ఆ వివరమును వ్రాయించి, ఆ పట్టికను పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపుడు.