ల్యాప్‌టాప్ మరమ్మతుకు ఇస్తున్నారా? పాస్‌వర్డ్ చెప్పే ముందు ఇవి తెలుసుకోండి

ల్యాప్‌టాప్ తెర పగిలినా, బ్యాటరీ ఉబ్బినా, స్పీకర్ల నుంచి శబ్దం రాకపోయినా మరమ్మతు దుకాణానికి వెళ్లడం సహజం. అక్కడ రసీదు రాసేటప్పుడు పేరు, ఫోన్ నంబరుతో పాటు తరచుగా పాస్‌వర్డ్ కూడా అడుగుతారు. చాలామంది మారుమాట లేకుండా చెప్పేస్తారు. దాన్ని చిన్న చీటీపై రాసి ల్యాప్‌టాప్ మూతకే అంటించడమూ కనిపిస్తుంది. ఆధార్, పాన్ ప్రతులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కుటుంబ ఫొటోలు, బ్రౌజర్‌లో భద్రపరిచిన ఇతర పాస్‌వర్డ్‌లు.. అన్నింటికీ ఆ చీటీయే తాళంచెవి. మరమ్మతుకు అది నిజంగా అవసరమా?

అధ్యయనంలో ఏం తేలింది?

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021 అక్టోబరు-డిసెంబరు మధ్య ఈ అంశాన్ని పరీక్షించారు. ఏ లోపమూ లేని ల్యాప్‌టాప్‌లలో ఆడియో డ్రైవర్‌ను మాత్రం నిలిపివేసి, ఒంటారియో ప్రాంతంలోని 16 దుకాణాలకు తీసుకెళ్లారు. సగం ల్యాప్‌టాప్‌లు పురుషులవిగా, మిగిలిన సగం మహిళలవిగా కనిపించేలా ఫొటోలు, పత్రాలు ఉంచారు. ఎవరు ఏ ఫైలు తెరిచారో నమోదయ్యే ఏర్పాటు చేశారు.

రెండు చోట్ల కస్టమర్ ఎదుటే పని పూర్తయింది. మరో రెండింటి నమోదు వివరాలు దొరకలేదు. మిగిలిన 12 దుకాణాల్లో ఆరింట సిబ్బంది వ్యక్తిగత ఫైళ్లను తెరిచి చూశారు. రెండు చోట్ల వాటిని నకలు చేసుకున్నారు. మహిళలవిగా సిద్ధం చేసిన ల్యాప్‌టాప్‌లలోనే ఈ చొరబాటు ఎక్కువగా కనిపించింది. మూడు సందర్భాల్లో, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా చెరిపివేసి ఉంది. జాడ కనిపించకుండా చేసేందుకే అలా చేసి ఉంటారని పరిశోధకులు అనుమానించారు. బ్యాటరీ మార్పిడికి వెళ్లినప్పుడు సైతం ఒకటి మినహా అన్ని దుకాణాలూ పాస్‌వర్డ్ అడిగాయి.

అది కెనడాకు చెందిన చిన్న అధ్యయనం. దాని ఆధారంగా మన నగరాల్లో నిజాయతీగా పనిచేసే వేలాది మెకానిక్‌లను అనుమానించడం సరికాదు. అయితే అవకాశం, ఏకాంతం రెండూ దొరికితే ఏం జరగవచ్చో అది చూపింది.

పాస్‌వర్డ్ ఎప్పుడు అవసరం?

తెర, కీబోర్డు, బ్యాటరీ, ఛార్జింగ్ పోర్టు, ర్యామ్ మార్చడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. మార్చిన భాగం పనిచేస్తోందో లేదో బయోస్ తెరపై గానీ, మెకానిక్ దగ్గరుండే పెన్‌డ్రైవ్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌తో గానీ సరిచూసుకోవచ్చు. విండోస్ అప్‌డేట్ మధ్యలో నిలిచిపోవడం, డ్రైవర్ సమస్యలు, వైరస్ వంటివాటికి లోపలికి వెళ్లాల్సి రావచ్చు. అలాంటప్పుడు పాస్‌వర్డ్‌ను మీరే టైప్ చేసి, పని పూర్తయ్యే వరకు పక్కనే ఉండటం మేలు.

కొన్ని సమస్యలకు దుకాణం దాకా వెళ్లనక్కర్లేదు. ఉదాహరణకు, శబ్దం రాకపోతే ముందు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే ‘డివైస్ మేనేజర్’ తెరిచి, ఆడియో పరికరంపై రైట్ క్లిక్ చేసి, ‘ఎనేబుల్ డివైస్’ అని కనిపిస్తే ఎంచుకోండి. కెనడా పరిశోధకులు కల్పించిన లోపం కూడా ఈ తరహాదే.

పాస్‌వర్డ్ చెప్పకపోతే చాలా?

చాలదు. విండోస్ పాస్‌వర్డ్ ఇంటి తలుపు తాళం వంటిది. డిస్క్‌ను బయటకు తీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే, ఎన్‌క్రిప్షన్ లేని ఫైళ్లన్నీ పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటాయి. ఎన్‌క్రిప్షన్ ఉంటే అదే సమాచారం అర్థంకాని అక్షరాల గుట్టగా మిగులుతుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్‌లోని ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ విభాగంలో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఉందేమో చూడండి. ప్రో వెర్షన్‌లో ‘బిట్‌లాకర్’, మ్యాక్‌లో ‘ఫైల్‌వాల్ట్’ ఇదే పని చేస్తాయి. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. మదర్‌బోర్డు మార్చిన తర్వాత బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే సొంత ఫైళ్లు యజమానికి కూడా దక్కవు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే కాగితంపై రాసి ఇంట్లో భద్రపరచుకోండి.

ఇచ్చే ముందు..

* ముఖ్యమైన ఫైళ్లను వేరే హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకోండి.

* బ్రౌజర్, ఈమెయిల్, వాట్సాప్ వెబ్ నుంచి సైన్ అవుట్ కండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను తొలగించండి.

* లాగిన్ తప్పనిసరైతే కొత్తగా ‘స్టాండర్డ్’ ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డ్ మాత్రమే ఇవ్వండి. అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇస్తే ఇతర ఖాతాల ఫైళ్లనూ చూడవచ్చు.

* స్టోరేజీ డిస్క్‌కు సంబంధం లేని మరమ్మతు అయితే, దాన్ని తీసి మీకే ఇవ్వడం వీలవుతుందేమో అడగండి.

* ఫోన్ల విషయంలో శాంసంగ్‌లో ‘మెయింటెనెన్స్ మోడ్’, గూగుల్ పిక్సెల్‌లో ‘రిపేర్ మోడ్’ ఉన్నాయి. వీటిని ఆన్ చేస్తే ఫొటోలు, సందేశాలు కనిపించకుండానే ఫోన్‌ను పరీక్షించవచ్చు.

తిరిగి తీసుకున్నాక..

పాస్‌వర్డ్ చెప్పి ఉంటే వెంటనే మార్చండి. మీకు తెలియకుండా ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి రిమోట్ యాక్సెస్ సాఫ్ట్‌వేర్ చేరిందేమో ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితాలో చూడండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’, గూగుల్ ఖాతాలో ‘యువర్ డివైసెస్’ తెరిచి, తెలియని పరికరాలుంటే తొలగించండి.

చట్టం ఏమంటోంది?

యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారాన్ని నకలు చేయడం సమాచార సాంకేతిక చట్టం-2000లోని సెక్షన్ 43 కిందకు వస్తుంది. దురుద్దేశంతో చేసినట్లు రుజువైతే సెక్షన్ 66 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. బాధితులు జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

పాస్‌వర్డ్ ఎందుకు కావాలో అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. ‘మీ ఎదుటే చేస్తాం’ అని చెప్పే దుకాణానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. కెనడాలో కస్టమర్ ఎదుటే పని జరిగిన రెండు చోట్లా రహస్యంగా ఫైళ్లు తెరిచే అవకాశమే లేకపోయింది.