బీడీలు చుట్టి మెడ పట్టేసిందా? నాట్లేసి నడుం లేవట్లేదా? ‘సోమాటిక్’ కదలికలు ట్రై చేయండి

కామారెడ్డి, ఎల్లారెడ్డి: ఒళ్లో చాట.. చాటలో తునికాకు, తంబాకు. పొద్దున తల వంచుకుని కూర్చుంటే మళ్లీ లేచేది పొద్దుగూకేటప్పుడే. కామారెడ్డి జిల్లాలో ఎంతోమంది మహిళల దినచర్య ఇదే. వానాకాలం వస్తే ఎల్లారెడ్డి, నిజాంసాగర్ వైపు మళ్లలో వరినాట్లు. అక్కడా నడుం వంచే పనే. రాత్రయ్యేసరికి మెడ, భుజాలు, నడుం పట్టేస్తాయి. మెడికల్ షాపు నుంచి నొప్పి గోళీ తెచ్చుకుని వేసుకోవడం, తెల్లారి మళ్లీ అదే పనిలో కూర్చోవడం. ఏళ్ల తరబడి ఇలా గోళీలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు వచ్చే ప్రమాదం ఉంది.

మరి గోళీ లేకుండా కొంతైనా ఊరట దొరుకుతుందా? ఇప్పుడు ప్రపంచమంతా వినిపిస్తున్న ‘సోమాటిక్ మూమెంట్’ గురించి తెలుసుకుందాం.

అసలేంటిది?

గ్రీకులో ‘సోమా’ అంటే శరీరం. శరీరాన్ని అద్దంలో బయటి నుంచి చూడటం కాదు, లోపలి నుంచి గమనించడమే సోమాటిక్స్. ఈ పేరును 1970ల్లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికాకు చెందిన థామస్ హన్నా. ఆయన కంటే ముందే మోషే ఫెల్డెన్‌క్రైస్ అనే ఇంజినీర్ ఈ దారిలో నడిచారు. జూడో కూడా నేర్చిన ఆయన, తన మోకాలి గాయంతో బాధపడుతూ నెమ్మదైన కదలికలతో ఒక పద్ధతి తయారు చేశారు.

ఇది వ్యాయామం లాంటిది కాదు. చెమట పట్టాల్సిన పని లేదు, లెక్కపెట్టి చేయాల్సిన పనీ లేదు. తక్కువ కదలిక, ఎక్కువ గమనింపు. అంతే!

నొప్పి ఎందుకు పోదు?

రోజూ గంటల కొద్దీ తల వంచితే మెడ వెనక కండరాలు బిగుసుకునే ఉంటాయి. పని అయిపోయినా ఆ బిగువు వదలదు. కొన్నాళ్లకు భుజాలు చెవుల దగ్గరికి లేచి ఉన్నా ఆ సంగతే మనకు తెలియదు. మెదడు ఆ బిగువుకు అలవాటు పడిపోయి, వదలడం మర్చిపోతుందన్నది హన్నా వాదన. గుర్తు చేయాలంటే ముందు ఆ కండరాన్ని కావాలని కొద్దిగా బిగించి, తర్వాత చాలా నెమ్మదిగా వదలాలి. నిద్ర లేచిన పిల్లి ఒళ్లు విరుచుకోవడం చూశారుగా? ఇంచుమించు అదే!

ఎలా చేయాలి?

* భుజాలు: కూర్చున్న చోటే చాట పక్కన పెట్టండి. రెండు భుజాలను చెవుల వైపు కొద్దిగా లేపండి. తర్వాత పది లెక్కపెట్టేంత సేపు మెల్లగా దించండి. మూడుసార్లు చాలు.

* మెడ: తలను నొప్పి లేనంత వరకే కుడికి, ఎడమకు తిప్పండి. ఏ వైపు సులువుగా తిరుగుతోందో గమనించండి. పట్టుబట్టి తిప్పొద్దు.

* నడుం: చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఊపిరి పీలుస్తూ నడుమును నేల నుంచి కొద్దిగా లేపండి. వదులుతూ నేలకు ఆనించండి. ఐదారుసార్లు చేయండి.

* చివరగా: కాళ్లు చాపి కళ్లు మూసుకోండి. అరికాళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగాన్నీ మనసులో తడమండి. ఏ వైపు బరువుగా ఉంది? ఎక్కడ నేలకు ఆనడం లేదు? యోగాలో శవాసనం తెలిసినవారికి ఇది కొత్తేం కాదు.

నిజంగా పనిచేస్తుందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో దాదాపు 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారు. దీర్ఘకాలిక నడుం నొప్పికి ముందుగా మందులు కాకుండా వ్యాయామం, యోగా, తాయ్‌చీ, మైండ్‌ఫుల్‌నెస్ లాంటివి ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సూచించింది. ఫెల్డెన్‌క్రైస్ పద్ధతిపై జరిగిన పరిశోధనలను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, ముఖ్యంగా పెద్దవాళ్లలో బ్యాలెన్స్ మెరుగుపడినట్టు కనిపించింది. కానీ వాటిలో చాలా అధ్యయనాలు నాణ్యతలో అంతంతమాత్రమే. కాబట్టి అన్ని రోగాలూ పోతాయంటూ సోషల్ మీడియాలో వచ్చే వీడియోలను నమ్మొద్దు.

ఇంకో మాట. బీడీ కూలీ వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఐదు నిమిషాలు ఆగినా ఆ మేరకు కూలీ తగ్గుతుంది. అందుకే విడిగా టైమ్ దొరకకపోతే కట్టకు దారం చుట్టి పక్కన పెట్టిన ప్రతిసారీ భుజాలు ఒక్కసారి లేపి దించండి. కూర్చున్నప్పుడు వీపు గోడకు ఆనేలా చూసుకోండి. ఇవి ఊరటనిస్తాయే తప్ప పని భారాన్ని తగ్గించవు. ఆ సమస్య వేరే.

వీళ్లు ముందు డాక్టర్‌ను కలవాలి

కాళ్లు, చేతులు తిమ్మిరెక్కడం, బలం తగ్గడం, మూత్రం అదుపు తప్పడం, నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం.. వీటిలో ఏది ఉన్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు. వెంటనే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు, ఎముకలు బలహీనంగా ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు డాక్టర్ లేదా ఫిజియోథెరపిస్టును అడిగాకే మొదలుపెట్టాలి. చేస్తుంటే నొప్పి పెరిగితే అక్కడితో ఆపేయండి.