తేల్చే గొట్టం

రాయపూర్ నుండి విశాఖపట్నానికి రైలు మార్గం సుమారు 530 కిలోమీటర్లు. సముద్రం మనకింత దూరాన ఉన్నప్పటికీ, ఎల్.టి.సి. సౌకర్యంపై అండమాన్ వెళ్లి వచ్చిన ఉద్యోగ మిత్రుల ఇళ్లలో సముద్రగర్భాన తీయించుకొన్న ఛాయాచిత్రాలు గోడలకెక్కుతున్నాయి. హేవ్‌లాక్ దీవిలో (2018 నుండి దాని పేరు స్వరాజ్ ద్వీపం) శిక్షకుని చేయి పట్టుకొని పగడపు దిబ్బలు చూసి వచ్చినవారు కొందరు. సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ చేరి, రుషికొండ తీరాన స్కూబా డైవింగ్ క్రమపద్ధతిలో నేర్చుకొంటున్న యువతీయువకులు మరికొందరు. ఆ ఛాయాచిత్రాలను పరిశీలనగా చూస్తే, ఎడమ భుజం మీదుగా ఛాతీ వైపు దిగుతున్న సన్నని గొట్టం ఒకటి కనిపిస్తుంది. నోటిలోని గొట్టాన్ని గురించి అందరూ అడుగుతారు. దీనిని గురించి అడిగిన వారిని నేనింతవరకు చూడలేదు. ఈ వ్యాసం ఆ రెండవ గొట్టాన్ని గురించినది.

దీనిని ఇన్‌ఫ్లేటర్ హోసు అంటారు. మునిగేవారు తొడుగుకొనే గాలితిత్తి జాకెట్టులోనికి, వీపున ఉన్న సిలిండరు నుండి గాలిని చేరవేయడం దీని పని. 1943లో ఫ్రాన్సు దేశంలో కూస్తో, గన్యాన్ అనువారు కోరినప్పుడే గాలినందించే రెగ్యులేటరును రూపొందించినప్పుడు ఈ జాకెట్టు లేదు. నడుమునకు సీసపు దిమ్మెలు కట్టుకొని, ఊపిరితిత్తులలోని గాలిని హెచ్చించి తగ్గించి నిభాయించుకొనేవారు. 1961లో మారిస్ ఫెంజీ అను ఫ్రెంచివాడు మెడకు తగిలించుకొనే గాలిసంచికి పేటెంటు పొందాడు. దానికి ప్రత్యేకంగా చిన్న సిలిండరు ఉండేది. తరువాత ప్రధాన సిలిండరు నుండే గాలి తీసుకొనే పద్ధతి రాగా, ఈ గొట్టం సామగ్రిలో స్థిరపడిపోయింది.

జాకెట్టు ఎందుకు కావలెనన్నది పాఠశాలలో చదివిన బాయిల్ నియమమే చెబుతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు నీటి పీడనం ఒక బార్ చొప్పున హెచ్చుతుంది. ఉపరితలాన ఉన్న ఒక బార్‌ను కలుపుకొని, 30 మీటర్ల వద్ద మొత్తం నాలుగు బార్లు. దిగేకొలదీ ఈతదుస్తులలోని గాలిబుడగలు నలిగి ఉత్ప్లవనం తగ్గుతుంది, మనిషి మరింత వేగంగా మునుగుతాడు. మీట నొక్కి జాకెట్టులోకి కాస్త గాలి విడిస్తే, మునగక తేలక నీటి నడుమ నిలిచిపోతాడు. పైకి వచ్చేటప్పుడు లెక్క తలక్రిందులవుతుంది. 30 మీటర్ల లోతున జాకెట్టులో నాలుగు లీటర్లున్న గాలి, విడిచిపెట్టకపోతే, ఉపరితలానికి వచ్చుసరికి పదునారు లీటర్లు కాగోరుతుంది. ఈ గొట్టం విషయంలో ఏమరుపాటు ప్రాణాంతకమయ్యేది ఇక్కడనే.

మన వర్క్‌షాపులలో గాలి గొట్టాలతో పనిచేసే మిత్రులకు తక్కిన కథ సులభంగా బోధపడుతుంది. మనం వాడే సంపీడిత వాయువు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోల పీడనంలో ఉంటుంది. సిలిండరులో 200 బార్ల వరకు ఉండే గాలిని రెగ్యులేటరు మొదటి అంచె పరిసర పీడనం కంటే తొమ్మిది పది బార్లు అధికంగా ఉండేటట్లు దింపుతుంది. ఆ గాలే ఈ గొట్టంలోనికి వస్తుంది. మొదటి అంచె చుట్టూ ఉన్న నీటి పీడనాన్ని గ్రహించి తన పీడనాన్ని హెచ్చించుకొంటుంది గనుక, ఎంత లోతుకు దిగినా గొట్టం గోడపై పడే భారం ఇంచుమించు ఒకటే. అందుచేత లోతుకు దిగేవారికి వేరుగా దళసరి గొట్టం కావలసిన పని లేదు.

మొదటి అంచెకు బిగించే కొస విషయంలో చిక్కు తక్కువ. అల్పపీడన రంధ్రాల మర 3/8 అంగుళం, అధికపీడన రంధ్రాలది 7/16 అంగుళం. ఒకదాని గొట్టం మరొకదానికి ఎక్కకుండా ఈ భేదం పెట్టారు. అయితే పాతకాలపు కొన్ని రెగ్యులేటర్లలో రెండు రంధ్రాలూ 3/8 అంగుళమే. పాత సామగ్రి చౌకగా దొరికినదని కొనేవారు మొట్టమొదట ఈ సంగతి చూసుకోవాలి. అల్పపీడన గొట్టం అధికపీడన రంధ్రానికి తగిలితే సిలిండరులోని పీడనమంతా దానిమీద పడుతుంది. గాలి బయటికి పోకుండా ఆపేది ఓ-రింగే గాని మర కాదు. చేతితో చివరివరకు బిగించి, స్పానరుతో ఇంచుక తిప్పితే చాలు. మనవారికి స్పానరు చేతబట్టగానే వేలాడి బిగించే అలవాటున్నది. అది ఫ్లాంజి బోల్టులకు పనికివస్తుంది గాని, ఇత్తడి మరకు పనికిరాదు.

చిక్కంతా రెండవ కొసలోనే ఉన్నది. అక్కడ కాలరు వెనుకకు లాగి తగిలించే కప్లింగు ఉంటుంది. దానిలో మోటారు టైరు ట్యూబులోని ష్రేడర్ వాల్వు వంటిది అమర్చి ఉంటుంది గనుక, కప్లింగు ఊడదీసిన తక్షణం గాలి ఆగిపోతుంది. ఈ కప్లింగు అన్ని జాకెట్లకూ ఒకే కొలత కాదు. ఇన్‌ఫ్లేటరులోనే అత్యవసర శ్వాస పరికరం కలిపిన నమూనాలకు ఎక్కువ గాలి ప్రవాహం కావలెను గనుక వాటి నిపిల్ వెడల్పు వేరు. మా మేనల్లుడు విశాఖలో డైవింగ్ నేర్చుకొని, స్వంత సామగ్రి సమకూర్చుకొనే ఉత్సాహంలో ఒక విక్రేత వద్ద నుండి గొట్టం తెప్పించుకొన్నాడు. ‘అన్నిటికీ సరిపోవును’ అని చీటీపై ముద్రించి ఉన్నది. అతని జాకెట్టుకు మాత్రం ఎక్కలేదు. “మామయ్యా, మీ వర్క్‌షాపులో నిపిల్ కొద్దిగా అరగదీయిస్తే కుదరదా?” అని అడిగాడు. అరగదీస్తే ఎక్కుతుంది నాయనా, నీటి అడుగున ఊడి కూడా వస్తుంది అని చెప్పి, గొట్టాన్ని తిప్పి పంపించాను. జాకెట్టును వెంట తీసుకొని వెళ్లి, తగిలించి, లాగి చూసుకొని కొనడం ఉత్తమం.

ఇక పొడవు. సాధారణ జాకెట్టుకు 60 నుండి 70 సెంటీమీటర్ల గొట్టం సరిపోతుంది. వీపున రేకుపలక, రెక్కసంచి వాడేవారికి మడతల గొట్టం పొట్టిది గనుక 55 సెంటీమీటర్లు చాలును. పొట్టిదైతే తల త్రిప్పినప్పుడు, చేయి చాచినప్పుడు కప్లింగును లాగుతుంది. పొడవైతే భుజం పైన విల్లులా వంగి, వలకో తాడుకో చిక్కుకొంటుంది. మొదటి అంచె ఎడమ రంధ్రం నుండి బయలుదేరి, భుజం మీదుగా మడతల గొట్టాన్ని అంటిపెట్టుకొని దిగాలి. రెండింటినీ కలిపి ఒకటి రెండు చోట్ల రబ్బరు పట్టీ వేయాలి. ఇన్‌ఫ్లేటరు మీట ఎప్పుడూ ఛాతీపై ఒకే చోట ఉండాలి.

ఆ ఒకే చోట అన్న మాట విలువ పగడపు దిబ్బలను చూడబోయేవారికి అంతగా తెలియదు. అచ్చట నీరు అద్దంవలె ఉంటుంది. 2019 సెప్టెంబరు 15వ తేదీన తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలంలోని కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ అను పర్యాటక బోటు వరద గోదావరిలో మునిగి, అనేక కుటుంబాలకు తీరని శోకం మిగిల్చిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. నౌకాదళ డైవర్లు, జాతీయ విపత్తు స్పందన దళం వారు గాలించారు. బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, విశాఖ డైవర్ల సహాయంతో, అక్టోబరు 22వ తేదీన వెలికితీసింది. మన బస్తరు మీదుగా ప్రవహించే ఇంద్రావతి, శబరి నదులు రెండూ పాపికొండలకు ఎగువనే గోదావరిలో కలుస్తున్నవి. అక్కడి ఎర్రని వరద నీటిలో మన అడవుల మట్టి కూడా ఉంటుంది. అటువంటి నీటిలో తన చేయి తనకు కనిపించదు. కన్ను చేయవలసిన పనిని వ్రేళ్లు చేయాలి. ఎడమ చేయి ఛాతీ మీదకు పోగానే మీట తగలాలి, వెదకికొనే వ్యవధి ఉండదు. శివనాథ్, మహానది, ఖారూన్ వంటి మన నదులలో వర్షాకాలపు గాలింపు పనికి వెళ్లే వారి సామగ్రిని కూర్చేవారు, గొట్టం కొలతను కన్నులు మూసుకొని తడిమి నిర్ణయించుకొనుట మేలని నా అభిప్రాయం.

జంట సిలిండర్ల వారు ఈ గొట్టాన్ని కుడి వాల్వు నుండి తీసుకొంటారు. ఎడమ వాల్వు పిడి పైకప్పుకు రాసుకొని దానంతట అదే మూతపడే అవకాశం ఉన్నది, కుడిది అదే రాపిడికి మరింత తెరుచుకొంటుంది. ప్రక్కల సిలిండర్లు కట్టుకొనే పద్ధతిలో 15 నుండి 23 సెంటీమీటర్ల పొట్టి గొట్టాలే వాడుతారు.

మన ఇంజనీర్లు మెచ్చదగిన సంగతి ఒకటున్నది. మొదటి అంచె కవాటం అరిగి పీడనం పాకిపోతే, నోటి దగ్గరి రెండవ అంచె తనంతట తాను గాలి వదిలి రిలీఫ్ వాల్వువలె పనిచేస్తుంది. రెండవ అంచె లేకుండా ఇన్‌ఫ్లేటర్ గొట్టం ఒక్కటే తగిలించిన రెగ్యులేటరుకు ఈ రక్షణ లేదు. అటువంటి చోట ప్రత్యేకంగా రిలీఫ్ వాల్వు పెట్టకపోతే గొట్టమే పగులుతుంది. మరొక విశేషం: అధికపీడన గొట్టం తెగితే సూదిమొనంత రంధ్రం గుండా గాలి నెమ్మదిగా పోతుంది. అల్పపీడన గొట్టం తెగితేనే సిలిండరు త్వరగా ఖాళీ అవుతుంది. పేరు చూసి ప్రమాదాన్ని అంచనా వేయరాదు.

ఇసుక, ఉప్పు గడ్డకట్టి మీట ఇరుక్కొంటే జాకెట్టు ఆగక ఉబ్బి మనిషిని పైకి విసురుతుంది. ఊపిరి బిగబట్టిన వాని ఊపిరితిత్తులు చీలిపోవచ్చును. చేయవలసినది వెంటనే కాలరు వెనుకకు లాగి గొట్టాన్ని ఊడదీయడం, రెండవ చేతితో గాలి విడుపు వాల్వు లాగడం, ఊపిరి బయటకు వదులుతూ ఉండడం. గొట్టం లేకపోయినా ఇన్‌ఫ్లేటరు నోటితో ఊది జాకెట్టు నింపవచ్చును. చేతి తొడుగులతో కూడా కాలరు ఊడి రావాలి. కొనేటప్పుడే తొడుగులు తగిలించుకొని అయిదారు పర్యాయాలు ఊడదీసి చూడాలి.

గొట్టాలు రెండు రకాలు. నల్లని రబ్బరువి ఒకటి, పైన నైలాను అల్లిక గల తేలికవి మరొకటి. అల్లికవి సులభంగా వంగుతాయి, చూపులకు అందం. కాని వీటిలో కొన్నింటి లోపలి పాలియురిథేను పొర వేడికి, తేమకు చెడి పలుకులు పలుకులుగా మారి గాలిదారిని మూసివేసిన సందర్భాలు నమోదయ్యాయి. పైకి ఏ లోపమూ కనిపించదు. రబ్బరు గొట్టమైతే ఫెర్రులు వద్ద వంచి చూసినప్పుడు పగుళ్లు కనిపించి ముందే హెచ్చరిస్తుంది. ఆ కారణాన నా ఓటు రబ్బరుకే. కొసలకు వేసే ప్లాస్టిక్ తొడుగులను అప్పుడప్పుడు వెనుకకు జరిపి చూడాలి, వాటి క్రింద ఉప్పునీరు నిలిచి లోహం పచ్చబారుతుంది. చాలామంది అయిదేళ్లకు గొట్టం మార్చుతారు.

రాయపూర్ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. సామగ్రి సంచిని కారు డిక్కీలోనో, డాబా పైగదిలోనో మే నెలంతా ఉంచితే ఏ రకమైనా మన్నదు. మంచినీటిలో కడిగి, కప్లింగులోని తేమ ఆరనిచ్చి, పెద్ద చుట్టగా చుట్టి, గాలి తగిలే నీడపట్టున, విద్యుత్ మోటార్లకు దూరంగా ఉంచండి. మోటారు వద్ద పుట్టే ఓజోను రబ్బరును పగులగొడుతుంది. మేకుకు మాత్రం తగిలించవద్దు, తగిలించిన చోటనే మడత పడుతుంది.